గుర్రాల డెక్కల చప్పుడు ఎవరు కలిపారు?

పాత మూకీ రీళ్ళని 'బాగుచేసి' యూట్యూబులో పెట్టడం ఈ మధ్య ఒక కుటీర పరిశ్రమ అయిపోయింది. 1896 నాటి లూమియేర్ సోదరుల రైలుబండి సినిమాని 2020లో ఎవరో 4కె సైజుకీ, సెకనుకి 60 ఫ్రేములకీ పెంచి పెడితే ప్రపంచమంతా విరగబడి చూసింది. ఇక అక్కణ్ణించి ఆగలేదు. పారిస్ వీధులు, న్యూయార్క్ ట్రాములు, యుద్ధాలు, పట్టాభిషేకాలు, రాజుల శవయాత్రలు... ఏ రీలు దొరికితే ఆ రీలుకి రంగులద్ది, నునుపు చేసి, చప్పుళ్ళు కలిపి వదులుతున్నారు. చూసినవాళ్ళందరిదీ ఒకటే మాట, టైమ్ మెషీన్ ఎక్కినట్టుందని. మన ఐటీ జనం ఆఫీసు గ్రూపుల్లో వీటిని పంచుకోవడమూ, కింద ఆహా ఓహోలూ మామూలే.

నాకు మాత్రం ఈ వ్యవహారంతో పెద్ద పేచీ ఉంది. వీధుల రీళ్ళ సంగతి ఎలా ఉన్నా, శవయాత్రల రీళ్ళ దగ్గర ఆ పేచీ ఇంకా ముదురుతుంది. అందుకే వాటి గురించే చెప్తాను.

శవయాత్ర అంటే మనకి ముందు వినిపించేది, తర్వాత కనిపించేది. వీధి మలుపు తిరక్కముందే డప్పు చెప్పేస్తుంది. లోపలున్నవాళ్ళు పిల్లల్ని ఇంట్లోకి పిలుచుకుంటారు, దారిన పోయేవాళ్ళు పక్కకి తప్పుకుంటారు. అలాంటి చెవులున్న మనం 1901లో లండన్లో తీసిన ఒక రాణి అంతిమయాత్ర చూస్తే, ఆ నిశ్శబ్దం మొదట ఒక లోపంలాగే అనిపిస్తుంది. ఏదో తెగిపోయిందని, కేబుల్ ఊడిందని. దాన్ని పూడ్చాలనిపించడం సహజమే. ఒప్పుకుంటాను. కానీ సహజంగా అనిపించిందల్లా చేసేస్తే ఎలా?

సరే, ముందు కథ. విక్టోరియా రాణి 1901 జనవరి 22న వైట్ ద్వీపంలో, ఆస్బోర్న్ హౌస్‌లో చనిపోయింది. ఫిబ్రవరి 1న శవపేటికని ఓడలో ఇవతలి ఒడ్డుకి తెచ్చారు. 2న రైల్లో లండన్ విక్టోరియా స్టేషనుకి తెచ్చి, అక్కణ్ణించి ఫిరంగి బండి మీద పాడింగ్టన్ స్టేషను దాకా ఊరేగించి, మళ్ళీ రైలెక్కించి విండ్సర్ పంపారు. అంటే లండన్ మహానగరానికి దక్కింది ఒక స్టేషను నించి ఇంకో స్టేషనుకి మారే మధ్య దారి మాత్రమే అన్నమాట. ఆ దారి వెంట జనంతో పాటు సినిమా కెమెరాలవాళ్ళు కూడా చోటు చూసుకుని నిలబడ్డారు.

ఇక్కడో పిట్టకథ, మన వృత్తివాళ్ళకి నచ్చేది. విండ్సర్ స్టేషను దగ్గర బండికి కట్టిన గుర్రాలు మొరాయించి పట్టీలు తెగ్గొట్టాయి. అప్పటికప్పుడు పక్కనున్న నావికులు తాళ్ళు పట్టుకుని పేటికని లాక్కెళ్ళారు. ఆ రోజు పని గడవడానికి వేసిన ప్యాచ్ అది. తర్వాత అదే సంప్రదాయం అయి కూర్చుంది. 2022 సెప్టెంబరు 19న ఎలిజబెత్ రాణి పేటికని 142 మంది నావికులు లాగడం టీవీలో చూసే ఉంటారు. నూట ఇరవై ఏళ్ళుగా ప్రొడక్షన్లో నడుస్తున్న హాట్‌ఫిక్స్ అన్నమాట!

ఆ 1901 నాటి కెమెరావాళ్ళలో సెసిల్ హెప్‌వర్త్ ఒకడు. బ్రిటిష్ సినిమా మొదటి తరం మనిషి. విక్టోరియా స్టేషనుకి ఎదురుగా గ్రోవనర్ గార్డెన్స్ కటకటాల వెనక కెమెరా పెట్టుకున్నాడు. ఏం జరిగిందో 1951లో, అంటే యాభై ఏళ్ళ తర్వాత, తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఊరేగింపు దగ్గరికి రాగానే కెమెరా పిడి తిప్పడం మొదలుపెట్టాడట. ఆ నిశ్శబ్దంలో యంత్రం చేసిన రొదకి తనకే భూమిలోకి దూరిపోవాలనిపించిందట. తల్లి పేటిక వెనక గుర్రం మీద వస్తున్న కొత్త రాజు ఏడవ ఎడ్వర్డు ఆ చప్పుడు విని అటు చూసి, రాబోయే తరాలకి ఈ చిత్రం దక్కాలని ఊరేగింపుని కాసేపు ఆపించాడట.

ఇది హెప్‌వర్త్ చెప్పిన మాట. యాభై ఏళ్ళలో జ్ఞాపకం ఎంత పెరుగుతుందో మనకి తెలుసు. రాజు నిజంగా కెమెరా కోసమే ఆపాడా, ముందేదో అడ్డం వచ్చి ఆగిందా, చెప్పలేం. కానీ ఒక్కటి గమనించండి. ఆ చోట, ఆ క్షణంలో వినిపించిన చప్పుడు ఏదైనా ఒకటి మన దాకా వచ్చిందంటే అది కెమెరా చప్పుడే. ఆ సంగతి ఫిల్ము మీద లేదు, ఉండటానికి వీల్లేదు. ఇవాళ ఈ రీళ్ళకి శబ్దం కలిపేవాళ్ళు గుర్రాల డెక్కలు కలుపుతారు, గంటలు కలుపుతారు, జనం గుసగుసలు కలుపుతారు. కెమెరా పిడి తిరుగుతున్న కరకర ఎవరైనా కలపగా విన్నారా? కలపరు. ఎందుకంటే వాళ్ళకి కావలసింది ఆ రోజు వినిపించినది కాదు, ఆ రోజు వినిపించి ఉంటుందని మనం అనుకునేది.

ఇప్పుడు సాంకేతిక విషయాల్లోకి వస్తాను. ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి, లెక్కలు చిన్నవే.

35 ఎం.ఎం. ఫిల్ములో అడుగుకి 16 ఫ్రేములు. అప్పటి కెమెరాల్లో పిడి ఒక చుట్టు తిప్పితే సాధారణంగా 8 ఫ్రేములు నడిచేవి. సెకనుకి రెండు చుట్లు తిప్పితే 16 ఫ్రేములు. వంద అడుగుల రీలు అంటే 1600 ఫ్రేములు, వంద సెకన్లు. అంతే. గంటల తరబడి సాగిన ఊరేగింపు అందులో పట్టాలి. అంచేత కెమెరామన్ ఏం చేసేవాడు? ముఖ్యమైనవాళ్ళు వచ్చినప్పుడు తిప్పేవాడు, మామూలు పటాలం నడుస్తుంటే ఆపేవాడు. ఫిరంగి బండి, రాజు, విదేశీ అతిథులు ఉంటారు, వాళ్ళ మధ్య నడిచినవాళ్ళు ఉండరు. లాసీ కంప్రెషన్ అనేది మనం కనిపెట్టింది కాదు. ఏది వదిలెయ్యాలో ఆ పిడి పట్టుకున్న చెయ్యే నిర్ణయించింది.

ఇక వేగం సంగతి. ఇలా 16 ఫ్రేముల దగ్గర తీసిన రీలుని, టాకీలు వచ్చాక స్థిరపడిన 24 ఫ్రేముల వేగంతో నడిపిస్తే వంద సెకన్లది 67 సెకన్లలో అయిపోతుంది. మనకి తెలిసిన ఆ గిరగిరా పరిగెత్తే మూకీ మనుషులు ఇలా పుట్టినవాళ్ళే. హాస్యచిత్రాలకి అది కలిసొచ్చిందేమో గాని, శవయాత్ర పాలిట ఘోరం. తలలు వంచుకుని నెమ్మదిగా అడుగులేస్తున్న సైనికులు బస్సు వెళ్ళిపోతోందన్నట్టు పరిగెడతారు. పేటిక గతుకుల మీద ఎగురుతున్నట్టు పోతుంది. దశాబ్దాల పాటు టీవీ డాక్యుమెంటరీల్లో ఈ రీళ్ళని ఇలాగే చూపించి, "ఆ కాలం" అంటే ఏదో నవ్వులాటగా మన బుర్రల్లో నాటేశారు.

కాబట్టి వేగం సరిచెయ్యడాన్ని నేను పూర్తిగా సమర్థిస్తాను. అది రీలుని మార్చడం కాదు, ప్లేయర్లో ఉన్న బగ్గుని తియ్యడం. డేటా సరిగ్గానే ఉంది, చదివేవాడు టైమ్‌స్టాంపులు తప్పు చదివాడు. అయితే ఇదీ అనుకున్నంత సులువు కాదు. మెటాడేటా లేదు. మనిషి చెయ్యి గడియారం కాదు. చలికి ఒకలా, కంగారుకి ఒకలా తిరుగుతుంది. 16 అన్నది సగటు మాట, ఒకే రీల్లో కూడా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. సైనికుల అడుగుల లయ చూసి, గుర్రం నడక చూసి అంచనా కట్టాలి. ఫిల్ము ఆర్కైవుల్లో ఈ పని ఓపిగ్గా చేసేవాళ్ళున్నారు. వాళ్ళు చేసిన మార్పుని వెనక్కి తిప్పొచ్చు, ఒక్క ఫ్రేము కూడా పోదు, ఒక్కటీ కొత్తగా పుట్టదు. నా దృష్టిలో గీత సరిగ్గా ఇక్కడ ఉంది.

గీత దాటితే ఏముందో చూడండి. 16 ఫ్రేములని 60 చేశారంటే ప్రతి సెకనులో 44 ఫ్రేములు కల్పితం. మీరు చూస్తున్నదాంట్లో దాదాపు ముప్పావు వంతు ఆ రోజు ఏ కెమెరా ముందూ జరగలేదు. రెండు నిజమైన ఫ్రేముల మధ్య ఇలా జరిగి ఉంటుందిలే అని ఒక మోడల్ వేసిన బొమ్మలు. గుర్రం కాలు విషయంలో ఆ అంచనా బాగానే ఉంటుంది. కానీ ఒక ముసలాయన టోపీ తీసే చెయ్యి? పక్కనున్న స్త్రీ ముసుగు దించుకునే తీరు? వాటిని కూడా ఆ మోడల్ నున్నగా, నూనె పూసినట్టు జరిపించేస్తుంది. ఆ మనిషి తటపటాయించాడేమో, చెయ్యి వణికిందేమో, అదంతా 'నాయిస్' కింద కొట్టుకుపోతుంది.

రిజల్యూషన్ పెంచడం ఇంకా ఘోరం. ఊరేగింపు రీల్లో రాజుల ముఖాలు ఎలాగూ వేరే ఫోటోల్లో దొరుకుతాయి. దొరకనివి వీధి పక్కన నిలబడ్డవాళ్ళవి. గుమాస్తాలు, పనిమనుషులు, పత్రికలు అమ్ముకునే పిల్లలు. వాళ్ళలో చాలామంది జీవితమంతటిలో కదిలే బొమ్మలోకి ఎక్కింది బహుశా ఆ ఒక్కసారే. ముఖం అంటే ఫిల్ము మీద నాలుగు మచ్చలు. ఆ నాలుగు మచ్చలని తీసుకుని సాఫ్టువేరు కళ్ళు, ముక్కు, పెదాలు పెడుతుంది. అవి ఎవరివి? తనకి శిక్షణ ఇచ్చిన లక్షలాది బొమ్మల సగటువి. ఉన్న మనిషిని చెరిపేసి లేని మనిషిని నిలబెట్టాం, దాని పేరు 'రిస్టోరేషన్'. రాజుగారి మీసం కొంచెం అటూ ఇటూ అయితే కొంపలు మునగవు. అనామకుడికి ఉన్న ఆ నాలుగు మచ్చలూ లాగేసుకోవడం మాత్రం నాకు మింగుడుపడదు.

రంగుల సంగతి మరీ విచిత్రం. విక్టోరియా నల్లటి అంత్యక్రియలు వద్దని ముందే రాసిపెట్టింది. పేటిక మీద తెల్లటి వస్త్రం, బండికి లేత మీగడ రంగు గుర్రాలు, వీధుల్లో నలుపు బదులు ఊదారంగు గుడ్డలు. ఇప్పుడు ఆ కాలపు ఫిల్ముకి ఇవన్నీ ఎలా కనిపించాయో ఆలోచించండి. అప్పటి ఫిల్ము నీలాన్ని బాగా పట్టుకునేది, ఎరుపుని దాదాపుగా పట్టుకోలేకపోయేది. నీలం ఉండాల్సిన దానికన్నా తెల్లగా, ఎరుపు నల్లగా పడేవి. అన్ని రంగులకీ స్పందించే ఫిల్ము సినిమాల్లో మామూలు వాడకంలోకి వచ్చింది 1920లలో. అంచేత రీల్లో బూడిద రంగుగా ఉన్న గుడ్డ అసలు ఏ రంగో, నల్లగా కనిపించే కోటు నలుపో ఎరుపో ఆ ఫ్రేములో ఉన్న సమాచారం నుంచి తేల్చలేం. మూడు ఛానెళ్ళని ఒకే ఛానెల్లోకి, అదీ వంకర తూకంతో కలిపేశాక వెనక్కి విడదియ్యడం అసాధ్యమని మనలో ఎవరికి తెలీదు? అయినా రంగులద్దే మోడల్ కళ్ళు మూసుకుని అద్దేస్తుంది. శవయాత్ర కాబట్టి నలుపూ గోధుమరంగూ. రాణిగారు వద్దన్న నల్లటి అంత్యక్రియలే నూట పాతికేళ్ళ తర్వాత గ్రాఫిక్స్ కార్డు చేసిపెడుతుంది.

తమాషా ఏమిటంటే ఆ కాలంలోనే రంగుల కెమెరా కూడా వచ్చింది. ఏడవ ఎడ్వర్డు 1910 మే 6న చనిపోయాడు, అంత్యక్రియలు మే 20న. ఆ ఊరేగింపుని మామూలు కెమెరాలతో పాటు చార్లెస్ అర్బన్ కంపెనీవాళ్ళు కినెమాకలర్ అనే పద్ధతిలో తీశారు. సెకనుకి సుమారు 32 ఫ్రేములు, ఒకటి ఎరుపు ఫిల్టరు వెనక, ఒకటి ఆకుపచ్చ ఫిల్టరు వెనక, మార్చి మార్చి. వెయ్యడం కూడా అలాగే ఫిల్టర్ల గుండా వేస్తే కంటికి రంగులు కలిసేవి. ఎరుపు ఫ్రేముకీ ఆకుపచ్చ ఫ్రేముకీ మధ్య గుర్రం కాస్త ముందుకి జరిగిపోతుంది కాబట్టి కదిలేవాటి అంచుల చుట్టూ రంగుల పోగులు కనిపించేవి. లోపమే. కానీ అది ఆ యంత్రం నిజాయితీగా చేసిన లోపం. నాకు ఆ పోగులే ముద్దు. 1911 ఢిల్లీ దర్బారుని తీసింది కూడా ఈ పద్ధతిలోనే. ఆ దర్బారుకి మన హైదరాబాదు నుంచి అప్పుడే గద్దెనెక్కిన మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ వెళ్ళాడు.

అన్నట్టు, వారం వారం వార్తలు వేసే న్యూస్ రీలు బ్రిటన్లో మొదలైంది ఈ అంత్యక్రియలు జరిగిన మర్నెల్లోనే. పాథే కంపెనీవాళ్ళది, 1910 జూన్. ఫ్రాన్సులో అదే కంపెనీ అంతకు ముందే మొదలుపెట్టింది. రాజులు చావడం, పట్టం కట్టుకోవడం ఈ వ్యాపారానికి ఎంత కలిసొచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. తేదీ ముందే తెలుసు, దారి ముందే తెలుసు, పగటి వెలుగులో జరుగుతుంది, అందరూ నెమ్మదిగా నడుస్తారు. మూకీ కెమెరాకి ఇంతకన్నా అనుకూలమైన వార్త ఇంకోటి లేదు.

1910 ఊరేగింపు గురించి కొంచెం ఆగాలి. పేటిక వెనక గుర్రాల మీద తొమ్మిదిమంది రాజులు. కొత్త రాజు అయిదో జార్జి (విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రిలో ఉన్న జార్జి ఈయనే), జర్మనీ కైజర్ విల్‌హెల్మ్, నార్వే, డెన్మార్క్, స్పెయిన్, పోర్చుగల్, గ్రీసు, బెల్జియం, బల్గేరియా ఏలికలు. వీళ్ళందరికన్నా ముందు, చనిపోయిన రాజుగారి పెంపుడు కుక్క సీజర్. ఆస్ట్రియా తరఫున యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ వచ్చాడు. అమెరికా తరఫున థియొడోర్ రూజ్‌వెల్ట్. అయిదు నెలలు తిరక్కుండా పోర్చుగల్ రాజు గద్దె పోయింది. 1913లో గ్రీసు రాజుని కాల్చి చంపారు. 1914 జూన్లో ఫ్రాంజ్ ఫెర్డినాండ్‌ని. ఆ ఆగస్టులో కైజర్ సైన్యం ఇదే వరసలో నడిచిన బెల్జియం రాజు దేశంలోకి దూసుకెళ్ళింది. బార్బరా టక్‌మన్ మొదటి ప్రపంచ యుద్ధం మీద రాసిన ది గన్స్ ఆఫ్ ఆగస్ట్ పుస్తకం ఈ ఊరేగింపుతోనే మొదలవుతుంది.

ఇప్పుడు ఈ రీలుకి ఇవాళ ఎవరైనా నేపథ్య సంగీతం పెడితే ఏం పెడతారు? గుండెలదిరే చెల్లో, ముంచుకొస్తున్న ఉపద్రవం. ఎందుకంటే మనకి 1914 తెలుసు. ఆ గుర్రాల మీదున్నవాళ్ళకి తెలీదు, వీధిలో నిలబడ్డవాళ్ళకి తెలీదు, ఆ వారం హాల్లో ఈ రీలు చూసినవాళ్ళకీ తెలీదు. శబ్దం లేని రీల్లో ఆ తెలియకపోవడం చెక్కుచెదరకుండా ఉంటుంది. ఎండలో గుర్రాల మీద వెళ్తున్న మనుషులు, అంతే. సంగీతం కలపగానే రీలుకి భవిష్యత్తు తెలిసిపోతుంది. నాకు శబ్దం మీద ఉన్న అసలు అభ్యంతరం ఇదే.

దీనికి వచ్చే మొదటి ప్రశ్న నాకు తెలుసు. మూకీలు ఎప్పుడు మూగగా ఆడాయి? హాల్లో పియానో వాయించేవాళ్ళు కదా, ఇలాంటి రీళ్ళకి శోకగీతాలు వాయించేవాళ్ళు కదా? నిజమే. మన దేశంలోనూ మూకీల ముందు హార్మోనియం, తబలా వాయించినవాళ్ళున్నారు. కానీ పియానో అతను హాల్లో కనిపిస్తూ కూర్చునేవాడు. ఆ పాట లండన్ వీధిలోంచి వస్తోందని ఎవరూ భ్రమపడలేదు. మర్నాడు ఇంకో హాల్లో ఇంకో పాట. రీలు వేరు, వాయిద్యం వేరు. ఇవాళ కలిపేది అలా కాదు. డెక్కల టకటక సరిగ్గా గుర్రం కాలు నేల తాకినప్పుడే పడుతుంది, ఎడమ నించి కుడికి వెళ్తుంది. సాక్ష్యంలాగా వేషం కట్టిన అలంకారం అది. ఒకే ఫైల్లో పోసి కరిగించేశాక ఏది రీలో ఏది అతుకో చూసేవాడికి తెలిసే దారి లేదు.

పైగా ఏ శబ్దం కలుపుతారు? 1901లో జనం నిశ్శబ్దంగా నిలబడ్డారనేది ఎక్కువగా వినిపించే వర్ణన. గాల్స్‌వర్దీ 1920లో రాసిన ఇన్ ఛాన్సరీ నవల్లో ఇదే ఊరేగింపు ఉంది. అందులో పేటిక దగ్గరయ్యేకొద్దీ జనంలోంచి ఒక మూలుగు లేస్తుంది. అది చూసినవాడి జ్ఞాపకమా, నవలాకారుడి ఊహా? మూలుగు కలపాలా, మౌనం ఉంచాలా? కలిపేవాళ్ళు ఈ ప్రశ్న వేసుకోరు. 'క్రౌడ్ మర్మర్' అని లైబ్రరీలో దొరికింది లాగి పడేస్తారు. శబ్దమంటూ నిజంగా ఉన్న రీళ్ళు కావాలంటే 1936 జనవరిలో అయిదో జార్జి అంత్యక్రియలవి ఉన్నాయి, అప్పటికి టాకీ న్యూస్ రీళ్ళు వచ్చేశాయి. వాటిలో ఇంకో బాధ. వ్యాఖ్యాత గొంతు సవరించుకుని ఎక్కడ ఎంత దుఃఖపడాలో మనకి చెప్తూనే ఉంటాడు. 1901 రీల్లో ఆ బెడద లేదు. ఎవరు ఏడుస్తున్నారో, ఎవరు ఊరికే సెలవు దొరికిందని వచ్చారో మనమే చూసుకోవాలి.

రెండో ప్రశ్న పీటర్ జాక్సన్. 2018లో ఆయన దే షల్ నాట్ గ్రో ఓల్డ్ కోసం మొదటి ప్రపంచ యుద్ధం రీళ్ళకి రంగులేశాడు, మాటలు కలిపాడు. అది బాగుంది కదా? బాగుంది, ఒప్పుకుంటాను. కానీ ఆయన వెనక ఇంపీరియల్ వార్ మ్యూజియం ఉంది. అసలైన యూనిఫారాలు చూసి రంగులు తేల్చారు. సైనికుల పెదాల కదలికలు చదివే నిపుణుల్ని పెట్టి ఏం మాట్లాడారో పట్టుకున్నారు. అన్నిటికన్నా ముఖ్యం, అది జాక్సన్ తీసిన సినిమా అని పెద్దక్షరాలతో చెప్పి వేశారు. మూల రీళ్ళు మ్యూజియంలో అలాగే ఉన్నాయి. ఎవరో కుర్రాడు శనివారం రాత్రి స్క్రిప్టు నడిపి, సోమవారానికి "1901, ఒరిజినల్ ఫుటేజ్" అని పేరు పెట్టి ఎక్కించడానికీ దీనికీ పోలిక లేదు.

మన వృత్తి భాషలో చెప్తాను. ప్రొడక్షన్ లాగ్ ఫైలు ఉంది. మధ్యలో కొన్ని లైన్లు లేవు, కొన్ని చోట్ల అక్షరాలు చెడిపోయాయి. చదవడానికి ఇబ్బందిగా ఉందని ఎవరైనా ఆ ఖాళీల్లో బహుశా ఇలా ఉండి ఉంటుంది అని లైన్లు రాసి, అదే పేరుతో సేవ్ చేస్తే మీరేం చేస్తారు? ఆ మనిషిని రూట్ యాక్సెస్ దరిదాపులకి రానిస్తారా? రాసినవి నిజానికి దగ్గరగా ఉంటే ఇంకా ప్రమాదం, ఎవరికీ అనుమానం రాదు కాబట్టి. అదే పని చరిత్ర మీద చేస్తే మాత్రం లైకు కొడుతున్నాం.

వెతుకులాటలో ఏది పైకి వస్తుందో కూడా చూడాలి. బ్రిటిష్ పాథేవాళ్ళు 2014లో తమ దగ్గరున్న 85,000 రీళ్ళని యూట్యూబులో పెట్టారు, అదీ ఉచితంగా. గొప్ప పని. కానీ గీతలు పడిన నలుపు తెలుపు మూకీ వీడియోకీ, రంగుల 4కె వీడియోకీ పోటీ పెడితే జనం దేన్ని నొక్కుతారో చెప్పక్కర్లేదు. రేపటి మోడల్‌కి శిక్షణ ఇవ్వడానికి వీడియోలు పోగేసేవాడికి ముందు దొరికేదీ ఇదే. కల్పించిన ముఖాలతో నేర్చుకున్నది ఇంకా కొత్త ముఖాలు కల్పిస్తుంది. మూలం పోవాలంటే దాన్ని ఎవరూ తగలబెట్టక్కర్లేదు, పదో పేజీకి జరిగితే చాలు. మన వైపు అసలే మూలాలు తక్కువ. రఘుపతి వెంకయ్య, ప్రకాష్ తండ్రీ కొడుకుల భీష్మ ప్రతిజ్ఞ రీలు ఇవాళ లేదు. మూలం లేకపోవడమంటే ఏమిటో తెలిసినవాళ్ళం, ఉన్నదాన్ని ఇలా పలచన చేస్తుంటే చప్పట్లు కొట్టడం నాకు ఎబ్బెట్టుగా ఉంది.

నేను నిషేధాలు కోరడం లేదు, ఎవరు వింటారు గనక! ఇలాంటివి చేసే మిత్రులు మన కంపెనీల్లోనే ఉన్నారు కాబట్టి వాళ్ళకి ఒక విన్నపం. చెయ్యండి, సరదాగానే ఉంటుంది. కానీ వీడియో మొదట్లోనే, వివరణలో అడుగున కాదు, మొదట్లోనే మూడు ముక్కలు రాయండి. సెకనుకి ఎన్ని ఫ్రేములు అసలువి, రంగులు ఎక్కణ్ణించి వచ్చాయి, శబ్దం ఎవరు కలిపారు. మూల రీలుకి లంకె ఇవ్వండి. వీలైతే శబ్దాన్ని వేరే ట్రాకుగా ఉంచండి, తీసేసుకునేవాడు తీసేసుకుంటాడు. పది నిమిషాల పని.

చూసేవాళ్ళకి ఇంకా చిన్న పని. పాథేవాళ్ళ దగ్గర 1910 రీలు తెరిచి, మనుషులు పరిగెడుతున్నట్టు ఉంటే వేగం 0.75 పెట్టండి. 24 ఫ్రేములు 18 అవుతాయి, నడక చాలావరకు నడకలా కనిపిస్తుంది. శబ్దం ఏదైనా కలిపి ఉంటే నొక్కేయండి. రాజుల్ని ఒకసారి చూశాక రెండోసారి వాళ్ళని వదిలేసి పేవ్‌మెంటు వైపు చూడండి. పేటిక వెళ్ళిపోయాక కూడా కొంతమంది అటే చూస్తూ ఉంటారు, కొంతమంది కెమెరా వైపు తిరుగుతారు.